నాలుగు గంటల రక్తం

శరీరం నుంచి బయటికి తీశాక కూడా రక్తం కొంతసేపు బతికే ఉంటుంది. గాజుగొట్టంలో, మూత కింద, లోపలున్నప్పటి పనులు ఒక్కొక్కటే మానేసి కొత్త పనులు మొదలుపెడుతుంది. ఈ సంగతి నాకు యాభై నాలుగో ఏట తెలిసింది. తెలిసేసరికి నా భార్య దమయంతి పోయి పద్దెనిమిది రోజులైంది.

నా పేరు లోకనాథం. తాళ్ళగాం హైస్కూల్లో లెక్కల మాస్టారిని. మావన్నీ సముద్రం పక్క ఇసక నేలల ఊళ్ళు. జీడితోటలు, కొబ్బరి, పనస. నలభై దాటిన మనిషి ఎదురైతే మావాళ్ళు ముఖం కన్నా ముందు పాదాలు చూస్తారు, ఉబ్బాయేమోనని. కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఎవరూ తేల్చలేదు. చాలామంది వచ్చారు, రక్తం తీసుకున్నారు, వెళ్ళారు. మళ్ళీ వచ్చింది చాముండి ఒక్కతే.

చాముండేశ్వరి నా దగ్గర ఆరు నుంచి పది దాకా చదివింది. వాళ్ళ నాన్న, పెదనాన్న ఇద్దరూ ఈ జబ్బుతోనే పోయారు. ఆమె విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో చేరి ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. దానికి త్రాసు అని పేరు పెట్టింది. మా అరుగు మీద కూర్చుని పనసతొనలు తింటూ దాని సంగతి చెప్పింది.

"ఎనిమిదో తరగతిలో రెండు సెక్షన్లున్నాయనుకోండి మాస్టారూ. సబ్జెక్టులు ఇరవై వేలు. ఒక్కో సబ్జెక్టులో ఏ సెక్షన్ మార్కులు ఎక్కువ, ఏ సెక్షన్‌వి తక్కువ, ఆ తేడా నిజమా గాలివాటమా, అది చెప్పడమే త్రాసు పని."

"ఇరవై వేల సబ్జెక్టులా? పిల్లలు సచ్చిపోరటే?" అంది మా ఆవిడ.

"సబ్జెక్టులంటే జన్యువులు పిన్నీ. ఒంట్లో ప్రతి కణం దగ్గరా ఒకటే పుస్తకం ఉంటాది. ఏ పేజీ గట్టిగా చదువుతున్నాది, ఏ పేజీ మూసీసింది, అదే మనిషికీ మనిషికీ తేడా. కిడ్నీ చెడిపోడానికి ఎనిమిది తొమ్మిదేళ్ళ ముందే ఆ చదువు మారిపోతాదని నా అనుమానం. మారినట్టు పట్టుకోగలిగితే మందు వేసి ఆపొచ్చు. మందు ఉన్నాది. ఎవరికెయ్యాలో తెలీకే ఆగిపోయాం."

"మా ఆయన ఏ పేజీ మూసీసేరో కూడా సెప్తాదా నీ త్రాసు?"

"అది మీకే తెలియాలి పిన్నీ."

ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాననుకుంటాను.

త్రాసు నేర్చుకోవడానికి దానికి రెండు సెక్షన్లు కావాలి. జబ్బున్న తొంభై మంది, లేని తొంభై మంది. వాళ్ళని కూడగట్టే పని నాకు అప్పజెప్పింది. సూచనల కాగితం కూడా ఇచ్చింది. అందులో అయిదో వాక్యం నాకిప్పుడు కంఠతా వచ్చు: "జబ్బున్నవారిని, లేనివారిని కలగలిపి, ఒకరి తర్వాత ఒకరిని పంపవలెను."

చదివాను. జబ్బు మనుషుల్ని విడిగా కూర్చోబెడితే చిన్నబుచ్చుకుంటారని అలా రాసి ఉంటుందనుకున్నాను. మా ఊరి సంగతి నాకు తెలుసు కదా, అంతకన్నా మంచి ఏర్పాటు చేయగలననుకున్నాను. రోగులు ఎండలో వంతు కోసం నిలబడలేరు. మంచిగా ఉన్నవాళ్ళు జీడిపిక్కల ఫ్యాక్టరీకి ఏడున్నరకల్లా వెళ్ళాలి. అందుకని సోమవారం మొత్తం రోగులకి ఇచ్చాను. మంగళవారం పొద్దున్న ఆరింటికి తక్కినవాళ్ళని రమ్మన్నాను.

సోమవారం పరిశోధనశాల వ్యాను బడి ఆవరణలోనే ఉంది. రక్తంలోని ఆ పేజీలు చదివే యంత్రం అందులోనే. ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి, రక్తం తీసి, అయిదు నిమిషాల్లో గొట్టం యంత్రంలో పెట్టారు. ఢిల్లేశ్వరరావు డయాలిసిస్ నుంచి నేరుగా వచ్చి కూర్చున్నాడు.

"ఏ ఆస్పత్రికెల్లినా నాలుగు గంటలు నిలబెట్టీసేవోరు మాస్టారూ. ఇక్కడ కుర్సీ ఏసినారు. నువ్వు సల్లగుండాల" అన్నాడు.

మంగళవారం వ్యాను రాలేదు. సామాన్ల కోసం పొద్దున్నే మండలం వెళ్ళింది, పదిన్నరకి గాని రాలేమన్నారు. ముగ్గురు నర్సులు మాత్రం ఉన్నారు. ఫ్యాక్టరీకి ఆలస్యమైతే గేటు వేసేస్తారని ఆడవాళ్ళు తొందరపడుతున్నారు. "రక్తం తీసి ఉంచితే పరవాలేదా?" అని వాళ్ళలో పెద్ద నర్సుని అడిగాను. "ఈ రోజులోగా ఎప్పుడు పెట్టినా పరవాలేదండీ" అంది. ఏడుంపావుకల్లా తొంభై గొట్టాలూ నిండాయి. అందరూ పనిలోకి వెళ్ళిపోయారు. ఎవరికీ ఇబ్బంది కలగలేదు. నేను ఆ గొట్టాల పెట్టె మీద తడిగుడ్డ కప్పి, మధ్యాహ్న భోజనాల గదిలో చల్లగా ఉంటుందని అక్కడ పెట్టాను.

తొంభై మందిలో మొదటి పేరు దమయంతిది. అంగన్‌వాడీ తెరవాలి, త్వరగా పంపించమంది. "మొగుడు మాస్టారయితే ఇదే సుకం, లైనుండదు" అని వెనకనున్నవాళ్ళతో అంటూ సంతకం పెట్టింది.

ఆరు నెలలకి చాముండి ఫోన్ చేసింది. 

"నలభై ఒక్క చోట్ల తేడా వచ్చింది మాస్టారూ. నలభై ఒకటి! ఇంత స్పష్టంగా ఎవరూ ఎప్పుడూ చూడలేదట. మా పరిశోధనశాల పెద్దాయన మూడుసార్లు లెక్క చేయించాడు. మూడుసార్లూ అదే."

ఆ రోజు తరగతిలో పాఠం ఆపి పిల్లలకి ఆ మాట చెప్పాను. ఈ బల్ల మీదే కూర్చుని చదివిందని చెప్పాను.

తర్వాత అంతా త్వరత్వరగా జరిగింది. మండల కేంద్రంలో గది కట్టి యంత్రం దింపారు. ముప్ఫై ఊళ్ళ నుంచి రక్తం అక్కడికి చేరేది. ఒక్కొక్కరికీ ఒక ఉత్తరం వచ్చేది. కొన్నిట్లో "మందు అవసరం" అని, కొన్నిట్లో "భయం లేదు" అని. కింద చాముండి సంతకం. మందు అవసరమన్నవాళ్ళు నెలకొకసారి సూది వేయించుకునేవారు. ఆ సూదికి నాలుగు రోజులు వాంతులు. అయినా ఒక్కరూ మానలేదు. భయం లేదన్నవాళ్ళు ఆరు నెలలకొకసారి చేయించుకునే మామూలు పరీక్షలు మానేశారు. దమయంతి కూడా మానేసింది.

"తొమ్మిదేళ్ళకి పూచీ రాసిచ్చింది మీ శిష్యురాలు. ఇంకా ఎందుకండీ నాకు సూదిపోట్లు?"

నేను ఒప్పుకున్నాను. లెక్క తెలిసినవాడిని కదా.

పద్నాలుగు నెలల తర్వాత, ఒక ఆదివారం ఆమె పప్పు రుబ్బుతుంటే పాదాల మీద మెట్టెల పక్కన ఉబ్బి నొక్కు పడడం కనిపించింది. అడిగాను. "రోజంతా నిలబడితే మరేటవుతాది" అంది. ఇంకో నెల గడిచింది. అన్నం సయించడం లేదంది. అప్పుడు కూడా పెట్టె తీసి ఆ ఉత్తరం మరోసారి చదివాను. "భయం లేదు" అనే ఉంది. ఎదురుగా కాళ్ళుంటే నేను కాగితం నమ్మాను. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి రెండు కిడ్నీల్లో కలిపి పదో వంతు కూడా మిగల్లేదన్నారు. ఏడు వారాలు డయాలిసిస్ చేశారు. ఎనిమిదో వారం అవసరం రాలేదు.

ఆ రోజుల గురించి ఇంతకన్నా రాయను.

కర్మకాండలైపోయి చుట్టాలు వెళ్ళాక ఇంట్లో ఆమె చేతిరాత కోసం వెతికాను. సరుకుల చీటీలు కూడా నేనే రాసేవాణ్ణి. ఆమె రాసింది ఏదీ దొరకలేదు. అంగన్‌వాడీ పుస్తకాలు ఆఫీసువాళ్ళు పట్టుకెళ్ళిపోయారు. అప్పుడు రక్తం తీసిన రోజు సంతకం పెట్టిందని గుర్తొచ్చి బడి బీరువాలోంచి ఆ రిజిస్టరు తీశాను.

సంతకం ఉంది. 'ద' గుండ్రంగా, పెద్దగా. చాలాసేపు దాన్నే చూశాను. తర్వాత అదే వరుసలో పక్క గళ్ళు చూశాను. రక్తం తీసిన వేళ ఆరూ పది. యంత్రంలో పెట్టిన వేళ పది నలభై. నేను రాసిన అంకెలే. కింది వరుస, దాని కింది వరుస, తొంభై వరుసలూ అంతే. నాలుగు గంటలు, నాలుగున్నర, అయిదు. వెనక్కి తిప్పి సోమవారం పేజీలు చూశాను. అయిదు నిమిషాలు, ఆరు నిమిషాలు, అయిదు నిమిషాలు.

ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను, రెండు సెక్షన్లని పోల్చాలంటే ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టాలని. నేను ఒక సెక్షన్‌కి రాగానే, ఇంకో సెక్షన్‌కి నాలుగు గంటలు కాయించి పెట్టాను.

అప్పటికీ అది అనుమానమే. కేంద్రంలో ఊరూరి లెక్కలు అడిగి తీసుకుని, గళ్ళకాగితం మీద ముప్ఫై ఊళ్ళూ రాశాను. అడ్డంగా ఊరి నుంచి కేంద్రానికి రక్తం చేరే సమయం. నిలువుగా నూటికి ఎందరికి "భయం లేదు" అని వచ్చిందో. చుక్కలు పెట్టాను. చుక్కలన్నీ మెట్ల మాదిరి పైకెక్కాయి. మండలం పక్క ఊళ్ళలో సగం మందికి పైగా మందు అవసరమట. కాలవ దాటి రావలసిన దోనిపుట్టుగలో నూట అరవై మూడు మందికి నూట అరవై ఒక్కరికి భయం లేదట. అక్కడి మట్టి మంచిదని మేమందరం అనుకున్నాం. ఆ వేసవిలో దోనిపుట్టుగ నుంచి నాలుగు చావు కబుర్లు వచ్చాయి.

మర్నాడు మొదటి బస్సుకి విశాఖపట్నం వెళ్ళాను.

చాముండి రిజిస్టరు చూసింది. గళ్ళకాగితం చూసింది.  ముఖంలో రక్తం లేదు.

"అయిదో లైను చదివారా మాస్టారూ?"

"చదివాను."

"అర్థం కాలేదా?"

"అర్థమైందనుకున్నాను."

"వేళలు రాసి మీరు పంపినారు. ఆ రెండు గళ్ళూ నేను ఎక్కించలేదు. పేరు, జబ్బు ఉన్నదా లేదా, అంతే ఎక్కించాను. వేరేవాళ్ళ రిజిస్టరయితే సరి చూసుకునేదాన్ని. మీది కదా, తప్పుండదు అనుకున్నాను."

"ఎలా తెలుస్తుంది, ఖచ్చితంగా?" అన్నాను.

ఆమె లేచి సూది తెచ్చింది. నా ఎడమ చేతికి పట్టీ కట్టి ఒకే పోటుతో రెండు గొట్టాలు నింపింది. ఒకటి వెంటనే యంత్రంలో పెట్టింది. రెండోది బల్ల మీద నిలబెట్టింది. మేమిద్దరం దానికి అటూ ఇటూ కూర్చున్నాం.

గంటలోపు మొదటి ఫలితం వచ్చింది. మందు అవసరం. తొమ్మిదేళ్ళలో కిడ్నీ చెడే అవకాశం నూటికి తొంభై ఆరు.

"ఏమీ అనుకోకండి. ఇప్పుడే అనుకోకండి" అంది.

"అనుకోవడం లేదు."

మూడు గంటలు కూర్చోవాలి. ఆమె టీ తెప్పించింది. ఇద్దరం తాగలేదు. కిటికీ అవతల ఎవరో నవ్వుకుంటూ భోజనానికి వెళ్తున్నారు. ఒకసారి ఆమె గొట్టం మీద వేలు పెట్టి చూసి, "వెచ్చదనం పోయింది" అంది.

"లోపల ఏమవుతుంది?"

"ఊపిరాడక, పంచదార అందక, కణాలు కంగారు పడతాయండి. కొన్ని పేజీలు మూసీసి, ఆపద పేజీలు తెరుస్తాయి. నలభై ఒకటీ అవేనేమో. జబ్బు తేడా అనుకుని నేను చూసింది తాజా రక్తానికీ నిలవ రక్తానికీ ఉన్న తేడా." టీ గ్లాసు పక్కకి జరిపింది.  "నా సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు మాస్టారూ. రెండు గుంపులకీ తేడా ఉన్నాదా అని అడిగాను. ఉన్నాదంది. దేని తేడా అని నేను అడగలేదు."

నేను అడగవలసింది ఒకటుంది. బస్సులో నాలుగు గంటలూ దాన్నే సరిచేసుకున్నాను.

"మీ పిన్ని మామూలు పరీక్షలు మానకుండా ఉంటే?"

చాముండి నా వైపు చూడలేదు. "ఏడాది ముందే తెలిసుండేది. జబ్బు ఆగదు. కానీ మందుల మీద పదేళ్ళు, పన్నెండేళ్ళు... ఉంటారు చాలామంది."

తల ఊపాను. ఆమె చేతులతో ముఖం కప్పుకుంది. పదో తరగతిలో తండ్రి పోయిన రోజు కూడా అలాగే కూర్చుంది. అప్పుడు తల మీద చెయ్యి వేశాను. ఇప్పుడు వెయ్యలేకపోయాను.

వేళ అయ్యింది. రెండో గొట్టం పెట్టింది. ఫలితం వచ్చింది. భయం లేదు. నూటికి మూడు.

ఒకే చెయ్యి, ఒకే సూది, ఒకే నిమిషం.

తర్వాతి వారమంతా ఆమె ఇంటికి వెళ్ళలేదని విన్నాను. కేంద్రంలో రక్తమిచ్చాక నిజంగా జబ్బు పడ్డవాళ్ళని వెతికింది. వాళ్ళకి జోడుగా, రక్తం అంతే సేపు ఆగినవాళ్ళలో ఇప్పటికీ మంచిగా ఉన్నవాళ్ళని తీసుకుంది. ఈసారి వేళలు కూడా ఎక్కించి, త్రాసుని మళ్ళీ నడిపింది. ఫోన్‌లో నాకు ఒక్క అంకె చెప్పింది. సున్నా. ఇరవై వేలలో ఒక్క చోట కూడా తేడా లేదు.

"మళ్ళీ చూశావా?"

"మూడుసార్లూ అదే మాస్టారూ."

ముందే తెలుసుకునే దారి లేదన్నమాట. ఎప్పుడూ లేదు. ఉందని మేము రెండేళ్ళు నమ్మించాం. మండలం పక్క ఊళ్ళ జనం ఆ నమ్మకంతోనే అక్కర్లేని సూది వేయించుకుని నెలనెలా వాంతులు చేసుకున్నారు. పరిశోధనశాల పెద్దాయన తొందర పడొద్దన్నాడట, సాఫ్ట్‌వేర్ బాగుచేశాక మెల్లగా చెబుదామన్నాడట. "ఈలోగా ఎందరు కాగితం చూసి కాళ్ళు చూడరో చెప్పండి, ఆగుతాను" అని చాముండి అడిగిందట. మర్నాడు ఉద్యోగానికి రాజీనామా రాసి తాళ్ళగాం వచ్చేసింది.

ఉత్తరాలు వెనక్కి తీసుకోవాలి. ప్రతి ఒక్కరికీ మామూలు పరీక్ష చేయించాలి. అందరికన్నా ముందు దోనిపుట్టుగ వెళ్ళాం. నేను, చాముండి, నర్సు. కాలవ దాటి ఇసకలో నడిచాం.

మొదటి ఇల్లు గురవయ్యది. తోటల్లో కూలి. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పాదాలు చూశాను. చాముండి కూడా చూసింది.  అతని భార్య పోలమ్మ చాప పరిచింది. ఉత్తరం గోడ మీద ఉంది, అద్దం కట్టించి, దేవుడి పటాల వరసలో.

చాముండి విషయం చెప్పింది. ఏదీ దాచకుండా, నెమ్మదిగా చెప్పింది. గురవయ్య విన్నాడు.

"ఆ సంతకం నీదే కదమ్మా?"

"నాదే."

"మరి తప్పేది? కాయితమా, సంతకమా?"

"రెండూను, బాబాయ్."

"తప్పు నాది" అన్నాను. "జబ్బు మనుషుల్ని ఒక రోజు ముందు కూర్చోబెట్టాను. మంచివాళ్ళని వేరే రోజు. కలపమంటే కలపలేదు."

గురవయ్యకి అర్థం కాలేదు. "జబ్బు మనిసిని ముందు పంపడం తప్పెలాగవుతాది మాస్టారూ? ఎవుడైనా అదే సేత్తాడు."

నర్సు చెయ్యి చాపమంది. చాపాడు. "ఇది సూత్తే ఏటి తెలుస్తాది?"

"కిడ్నీ ఎంత పోయిందో" అంది చాముండి.

"పోతాదని ముందు సెప్పేది కాదా?"

"కాదు."

"మరి నాకిది దేనికి? పోనాదని నాకు తెల్దేటి?" అన్నాడు. అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నర్సు రక్తం తీసింది. నేను వేళ రాసుకున్నాను.

 చాముండి అద్దం దింపమంటే పోలమ్మ దింపి ఇచ్చింది. చాముండి ఉత్తరం బయటికి లాగి, తన సంతకం మీద గీత కొట్టింది. దాని కింద "ఇది తప్పు, నమ్మవద్దు" అని రాసి తేదీ వేసింది. ఉత్తరాన్ని సంచిలో పెట్టుకోబోతుంటే పోలమ్మ చెయ్యి పట్టుకుంది.

"అట్టుకెల్లిపోతావేటమ్మా?"

"ఇది పనికిరాదు పిన్నీ."

"పోనీ, గీత కొట్టీసినావు కదా. ఉండనీ. ఈ మనిసికి రేతిరి నిద్దరట్టేది దీన్ని సూసే."

చాముండి నా వైపు చూసింది.  ఉత్తరం ఇచ్చేసింది. పోలమ్మ దాన్ని మళ్ళీ అద్దంలో పెట్టి, ముందున్న మేకుకే తగిలించి, వంకర లేకుండా సరిచేసింది.

"ఏటి రాసినారే దాని మీద?" అన్నాడు గురవయ్య అరుగు మీంచి.

"నాకేటి తెల్సు, ఏదో రాసినారు" అంది పోలమ్మ. "కాయితం అయితే ఉన్నాది."